గల్లా వేరు, జేబు వేరు: చిన్న వ్యాపారికి విడి బ్యాంకు ఖాతా అవసరమా?

ఈ సంచికలో నేను ఒక చిన్న పాఠం చెప్పదలచుకున్నాను. బడిలో చెప్పేది కాదు, బజారులో పనికొచ్చేది. మన వాళ్లలో ఉద్యోగాల కంటే సొంత పనుల మీద బతికేవాళ్లే ఎక్కువ. కుట్టుపని, చెప్పుల కొట్టు, పండ్ల బండి, టీ హోటల్, మెకానిక్ షెడ్డు, మటన్ షాపు, గాజుల దుకాణం, ఇంట్లో కూర్చుని చేసే జరీ పని. వీళ్లందరి దగ్గరా ఇప్పుడు ఫోను ఉంది, గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంది. ఆ కోడ్ వెనుక ఉన్న ఖాతా మాత్రం చాలామందికి ఒక్కటే. ఇంటి ఖర్చుకూ అదే, వ్యాపారానికీ అదే.

"మాస్టారూ, నేను ఒక్కడినే నడుపుకునే కొట్టుకు వేరే ఖాతా ఎందుకు? ఇదేమన్నా కంపెనీయా?" అని అడిగేవాళ్లు చాలామంది. న్యాయమైన ప్రశ్న. జవాబు ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఒంటరిగా నడుపుకునే వ్యాపారికి విడి ఖాతా తప్పనిసరిగా ఉండాలని ఆదాయపు పన్ను చట్టం గానీ, జీఎస్టీ చట్టం గానీ చెప్పవు. కానీ బ్యాంకుల నిబంధనలు ఒక హద్దు గీస్తాయి. ఇక లెక్క, జకాత్, అమానత్, వారసత్వం అనే నాలుగు వైపుల నుంచి చూస్తే, విడి ఖాతా లేకపోవడం వల్ల కలిగే నష్టం, ఖాతా తెరవడానికయ్యే శ్రమ కంటే చాలా పెద్దది.

1. సొంత వ్యాపారి అంటే ఎవరు?

ఒక మనిషి తన పెట్టుబడితో, తన బాధ్యత మీద, భాగస్వాములు లేకుండా నడిపే వ్యాపారాన్ని సోల్ ప్రొప్రైటర్‌షిప్ అంటారు. తెలుగులో ఏకవ్యక్తి వ్యాపారం అనుకుందాం. "హిందూస్థాన్ టైలర్స్" అని బోర్డు రాయించుకున్నా చట్టం దృష్టిలో ఆ బోర్డుకు వేరే ప్రాణం లేదు. టైలరూ, ఆ దుకాణమూ ఒకే వ్యక్తి. పాన్ ఒకటే. దుకాణం లాభం ఆ మనిషి ఆదాయమే. దుకాణం అప్పు ఆ మనిషి అప్పే.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. మొదటిది, విడి ఖాతా తెరిచినంత మాత్రాన మీ ఇల్లు వ్యాపార అప్పుల నుంచి రక్షణ పొందదు. కొట్టు మునిగితే అప్పులవాళ్లు మీ సొంత ఆస్తి మీదికి రావచ్చు. రెండోది, ఇద్దరు అన్నదమ్ములు పెట్టుబడి పెట్టి, లాభం పంచుకుంటూ కొట్టు నడుపుతుంటే అది ఏకవ్యక్తి వ్యాపారం కాదు, భాగస్వామ్యం. దానికి ఒప్పంద పత్రం, సంస్థ పేరున వేరే పాన్, సంస్థ పేరున ఖాతా కావాలి. "మా అన్న పేరున నడుస్తోంది, నేనూ కూర్చుంటాను" అనే ఏర్పాటు అన్న బతికున్నంత కాలం బాగానే ఉంటుంది. తగువులు మొదలయ్యేది ఆ తర్వాతే.

2. చట్టం, బ్యాంకు ఏమంటున్నాయి?

ఆదాయపు పన్ను: విడి ఖాతా ఉండాలని నియమం లేదు. లెక్కలు ఉండాలి. చిన్న వ్యాపారులకు అంచనా ఆదాయం అనే పద్ధతి ఉంది. ఏడాది అమ్మకాలు రూ. 2 కోట్ల లోపు ఉంటే, నగదుగా వచ్చిన అమ్మకాల మీద 8 శాతం, బ్యాంకు ద్వారా, యూపీఐ ద్వారా వచ్చిన వాటి మీద 6 శాతం కనీస ఆదాయంగా చూపి రిటర్ను వేయవచ్చు. అసలు ఆదాయం అంతకంటే ఎక్కువగా ఉంటే ఎక్కువే చూపాలి. ఈ పద్ధతిలో పెద్ద పద్దు పుస్తకాలు అక్కర్లేదు. కానీ "అమ్మకాలు ఎంత?" అనే ప్రశ్నకు మాత్రం జవాబు ఉండాలి. ఇంటి సొమ్ము, కొట్టు సొమ్ము కలిసిపోయిన ఖాతా ఆ జవాబు చెప్పలేదు.

జీఎస్టీ: సరుకులు అమ్మేవాళ్లకు ఏడాది టర్నోవర్ ఆంధ్రప్రదేశ్‌లో రూ. 40 లక్షలు, తెలంగాణలో రూ. 20 లక్షలు దాటితే నమోదు తప్పనిసరి. సేవలు అందించేవాళ్లకు రెండు రాష్ట్రాల్లోనూ రూ. 20 లక్షలు. నమోదయ్యాక బ్యాంకు ఖాతా వివరాలు 30 రోజుల్లోగా, లేదా మొదటి అమ్మకాల రిటర్ను వేసేలోగా, ఏది ముందైతే ఆ లోగా పోర్టల్‌లో ఇవ్వాలి. ఆ ఖాతా నమోదైన వ్యక్తి పేరున, ఆయన పాన్ మీద ఉండాలి. భార్య ఖాతా, తమ్ముడి ఖాతా ఇస్తే కుదరదు.

బ్యాంకు: అసలు హద్దు ఇక్కడుంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం వ్యాపార సంస్థ పేరున, అది ఒక్కరి సొంతమైనా సరే, సేవింగ్స్ ఖాతా తెరవకూడదు. వ్యాపార సంస్థకు కరెంట్ ఖాతాయే. అందుకే మీ పేరున ఉన్న సేవింగ్స్ ఖాతాలో రోజుకు వందసార్లు చిన్న చిన్న జమలు పడుతుంటే, "ఇది వ్యాపారం కదా, కరెంట్ ఖాతా తెరవండి" అని బ్యాంకు అడగవచ్చు. ఖాతా తెరిచేటప్పుడు మనం చదవకుండా సంతకం పెట్టే షరతుల్లో, సేవింగ్స్ ఖాతాను వ్యాపారానికి వాడకూడదన్న మాట సాధారణంగా ఉంటుంది.

ఇంకో చిక్కు. జన్‌ధన్ రోజుల్లో పూర్తి గుర్తింపు పత్రాలు లేకుండా తెరిచిన "చిన్న ఖాతాలు" కొందరికి ఇంకా ఉన్నాయి. వాటిలో ఏడాదికి జమ రూ. 1 లక్ష, ఎప్పుడైనా నిల్వ రూ. 50 వేలు, నెలకు తీసుకునేది రూ. 10 వేలు దాటకూడదు. అలాంటి ఖాతాకు క్యూఆర్ కోడ్ తగిలించి కొట్టు నడిపితే సీజన్ మధ్యలో, సరిగ్గా పండుగ ముందు, సొమ్ము ఆగిపోతుంది. బ్యాంకుకు వెళ్లి గుర్తింపు పత్రాలిచ్చి కేవైసీ పూర్తి చేయించుకుంటే ఈ హద్దులు పోతాయి.

బ్యాంకులు ప్రతి ఏడాదీ ఆదాయపు పన్ను శాఖకు కొన్ని వివరాలు పంపుతాయి. సేవింగ్స్ ఖాతాల్లో ఒక ఆర్థిక సంవత్సరంలో రూ. 10 లక్షలు, అంతకు మించి నగదు జమ చేస్తే ఆ వివరం వెళ్తుంది. కరెంట్ ఖాతాకు ఆ హద్దు రూ. 50 లక్షలు. వ్యాపారమంటే నగదు తిరుగుతుందని వ్యవస్థకు తెలుసు కాబట్టే ఈ తేడా.

3. కలిపేస్తే ఏమవుతుంది? ఒక లెక్క

లెక్క లేకుండా పాఠం ఉండదు కదా. ఖమ్మంలో చెప్పుల కొట్టు నడిపే కరీం భాయ్ అనే ఒక ఊహా వ్యక్తిని తీసుకుందాం. అమ్మకాలన్నీ ఫోను ద్వారానే వస్తున్నాయనుకుందాం. ఆయన ఒకే ఒక్క ఖాతాలో నెలకు జమలు ఇలా ఉన్నాయి.

చెప్పుల అమ్మకాలు రూ. 1,20,000.
అమ్మ వైద్యానికి, ఇంటి ఖర్చుకు గల్ఫ్ నుంచి తమ్ముడు పంపేది రూ. 30,000.
మసీదు కమిటీకి ఆయన కోశాధికారి కాబట్టి, చందా సొమ్ము రూ. 20,000.
స్నేహితులు తిరిగి ఇచ్చే చేబదుళ్లు రూ. 10,000.
ఇరుగుపొరుగు వాళ్లకు రైలు టికెట్లు, కరెంటు బిల్లులు కట్టిపెట్టినందుకు వాళ్లు పంపేది రూ. 6,000.

మొత్తం రూ. 1,86,000. ఏడాదికి రూ. 22,32,000. అందులో అసలు అమ్మకాలు రూ. 14,40,000 మాత్రమే.

ఇప్పుడు చూడండి. తెలంగాణలో సరుకుల వ్యాపారికి హద్దు రూ. 20 లక్షలు. కరీం భాయ్ నిజంగా ఆ హద్దుకు చాలా దూరంలో ఉన్నారు. కానీ ఆయన ఖాతా చూసిన అధికారికి హద్దు దాటినట్టు కనిపిస్తుంది. "ఈ రూ. 7,92,000 అమ్మకం కాదు" అని నిరూపించే బాధ్యత ఇప్పుడు కరీం భాయ్ మీద పడింది. మూడేళ్ల క్రితం వచ్చిన ప్రతి రూ. 500 ఎవరిదో, ఎందుకో ఆయనకు గుర్తుంటుందా?

ఇది కేవలం ఊహ కాదు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల వివరాలు తెప్పించుకుని, 2021-22 నుంచి హద్దు దాటినట్టు కనిపించిన వేలాది చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బేకరీలు, టీ కొట్లు, కూరగాయల దుకాణాల వాళ్లూ అందులో ఉన్నారు. బెంగళూరులో కొందరు భయపడి క్యూఆర్ కోడ్‌లు పీకేసి "నగదు మాత్రమే" అని బోర్డులు పెట్టారు. ఖాతాలో పడినదంతా వ్యాపారం కాదని, బంధువులు పంపినవి, చేబదుళ్లు కలిసి ఉన్నాయని చాలామంది చెప్పుకున్నారు. చివరకు ముఖ్యమంత్రి వ్యాపారులతో సమావేశమై, పాత బకాయిల కోసం ఒత్తిడి చేయబోమని, హద్దు దాటినవాళ్లు ఇక మీదట నమోదు కావాలని చెప్పారు. అక్కడ అలా తేలింది. ప్రతిచోటా అలా తేలుతుందని అనుకోవడం తెలివి కాదు.

యూపీఐని వదిలేసి నగదుకు వెళ్లడం దీనికి మందు కాదు. నగదు అమ్మకాలు కూడా టర్నోవరే. అంచనా పద్ధతిలో నగదు మీద 8 శాతం, డిజిటల్ మీద 6 శాతం అని పైన చూశాం. అంటే చట్టం డిజిటల్‌కే కొంచెం మేలు చేస్తోంది. యూపీఐ వల్ల ఎవరికీ నష్టం లేదు. ఇల్లూ, కొట్టూ ఒకే ఖాతాలో కలిసిపోవడమే ఇబ్బంది.

4. మనకు మనం చెప్పుకోవలసిన లెక్క

అధికారి సంగతి పక్కన పెడదాం. నోటీసు ఎన్నడూ రాకపోవచ్చు. అసలు నష్టం నోటీసు లేకుండానే జరుగుతుంది.

అదే కరీం భాయ్ కొట్టు ఖర్చులు చూద్దాం. సరుకు కొనుగోలు రూ. 84,000. అద్దె రూ. 8,000. కరెంటు రూ. 1,500. కుర్రాడి జీతం రూ. 9,000. సంచులు, రవాణా వగైరా రూ. 1,500. మొత్తం రూ. 1,04,000. అమ్మకాల్లో ఇది తీసేస్తే మిగిలేది రూ. 16,000.

కానీ ఇంటికి ఆయన గల్లాలోంచి తీసేది, ఈ రోజు రెండొందలు, రేపు ఐదొందలు, మొత్తం నెలకు రూ. 19,000 అవుతోందనుకుందాం. ప్రతి నెలా రూ. 3,000 ఎక్కువ. ఖాతాలో తమ్ముడి సొమ్ము, మసీదు సొమ్ము కలిసి ఉన్నాయి కాబట్టి నిల్వ ఎప్పుడూ నిండుగానే కనిపిస్తుంది. లోటు తెలియదు. ఏడాది తిరిగేసరికి రూ. 36,000 పెట్టుబడి తినేశారు. షెల్ఫుల్లో సైజులు తగ్గుతాయి. "ఎనిమిదో నంబరు లేదు భాయ్" అని చెప్పడం మొదలవుతుంది. గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. రంజాన్ సీజన్‌కు సరుకు వేయడానికి డబ్బు ఉండదు. అప్పుడు వారం వడ్డీ వాడు గుర్తుకొస్తాడు.

మన వాళ్లు వడ్డీలో చిక్కుకునేది చాలాసార్లు పేదరికం వల్ల కాదు, లెక్క తెలియకపోవడం వల్ల. వ్యాపారం బాగానే నడుస్తోందనుకుంటూనే మునుగుతారు. విడి ఖాతా ఉంటే మొదటి రెండు నెలల్లోనే ఆ రూ. 3,000 లోటు బయటపడుతుంది. అప్పుడు ఇంటి ఖర్చు తగ్గించుకోవచ్చు, ధర సరిచేసుకోవచ్చు. మందు చవకగా ఉన్నప్పుడే జబ్బు కనబడాలి.

5. జకాత్, అమానత్, వారసత్వం

ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించి. నమాజు గురించో, ఉపవాసం గురించో కాకుండా అతి పొడవైన ఆయత్ లెక్క రాయడం గురించి ఉందంటే, లెక్క మన దీన్‌లో చిన్న విషయం కాదు.

జకాత్ సంగతి చూద్దాం. వ్యాపారి తన సరుకు మీద, చేతిలో ఉన్న సొమ్ము మీద, తప్పక వస్తుందనుకున్న ఉద్దెర బాకీల మీద చాంద్రమాన సంవత్సరానికి ఒకసారి రెండున్నర శాతం తీయాలి. సేటుకు వెంటనే కట్టవలసిన బాకీ తీసేసుకోవచ్చు. కరీం భాయ్ లెక్క ఇలా ఉందనుకుందాం. సరుకు నేటి అమ్మకం ధరకు రూ. 3,00,000, వ్యాపార ఖాతాలో నిల్వ రూ. 40,000, రావలసిన ఉద్దెర రూ. 25,000, హోల్‌సేల్ సేటుకు కట్టవలసినది రూ. 65,000. నికరం రూ. 3,00,000. జకాత్ రూ. 7,500. విడి ఖాతా, ఒక నోట్‌బుక్కు ఉంటే ఇది అరగంట పని. అన్నీ కలిసిన ఖాతాలో మసీదు సొమ్ముకూ మనం జకాత్ లెక్కేస్తాం, లేదా "ఎంతో తెలియదు, ఏదో ఒకటి ఇద్దాం" అంటాం. ఏదో ఒకటి ఇస్తే అది దానం కావచ్చు. జకాత్ ఒక హక్కు, దానికి కొలత ఉంది. అప్పులను ఎంతవరకు మినహాయించాలి, నిసాబ్ వెండితో చూడాలా బంగారంతో చూడాలా అనే విషయాల్లో మీ దగ్గరి ఆలిమ్‌ను అడగండి.

అమానత్ ఇంకా సున్నితమైనది. మసీదు చందా, ఉమ్రాకు కూడబెట్టుకునే పక్కింటి అవ్వ దాచుకోమని ఇచ్చిన సొమ్ము, అనాథ పిల్లల కోసం పోగు చేసిన డబ్బు. ఇవి నిజాయితీ గలవాడని పేరున్న వ్యాపారి ఖాతాలోనే చేరతాయి. ఆయన మంచివాడే. కానీ సేటుకు చెల్లింపు చేసిన రోజు ఖాతాలో నిల్వ, ఆయన దగ్గరున్న అమానత్ కంటే తక్కువైపోతే? ఆయనకు తెలియకుండానే ఇతరుల సొమ్ముతో చెప్పులు కొన్నట్టయింది. కమిటీ సొమ్ము కమిటీ పేరున ఇద్దరి సంతకాల ఖాతాలో ఉండాలి. అది ఇంకా తెరవకపోతే కనీసం కొట్టు ఖాతాలోకి రానివ్వకండి.

ఇక మరణం. దీని గురించి మాట్లాడటం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ మన సొసైటీ వంటి సంస్థల తలుపు తట్టే వితంతువులను అడగండి. భర్త పోయిన నెలలోనే "మీ ఆయన నాకు ఇంత ఇవ్వాలి" అని ఒకరు వస్తారు. "కొట్టులో సరుకు నాది" అని ఇంకొకరు. ఏది నిజమో ఆమెకు తెలియదు. షరీఅత్ ప్రకారం అంత్యక్రియల ఖర్చు, ఆ తర్వాత అప్పులు, ఆ తర్వాత మూడో వంతు లోపు వసియ్యత్, చివరకు వారసుల వాటాలు. అప్పులెన్నో తెలియకుండా వాటాలు ఎలా వేస్తారు? వ్యాపార ఖాతా స్టేట్‌మెంటు, ఉద్దెర పుస్తకం చేతిలో ఉంటే ఆమెను ఎవరూ మోసం చేయలేరు. ఎవరి హక్కునూ ఆమె ఎగ్గొట్టినట్టు కాదు.

ఏకవ్యక్తి వ్యాపార ఖాతాకు కూడా నామినీని పెట్టవచ్చు. తప్పక పెట్టండి. అయితే నామినీ అంటే ఆ సొమ్మంతా తనదే అని కాదు. బ్యాంకు నుంచి తీసుకుని హక్కుదారులకు చేర్చవలసిన బాధ్యత మాత్రమే.

6. ఎవరికి ఏ ఖాతా?

అందరికీ ఒకే మందు రాయకూడదు. మూడు మెట్లుగా చూద్దాం.

మొదటి మెట్టు: రోజుకు మూడు నాలుగొందల నగదు బేరం చేసే బండివాడు, అప్పుడప్పుడు రెండు జాకెట్లు కుట్టే చెల్లెమ్మ. వీళ్లకు ఖాతా కంటే ముందు రెండు డబ్బాలు, ఒక నోట్‌బుక్కు కావాలి. ఒక డబ్బా పనిది, ఒకటి ఇంటిది.

రెండో మెట్టు: క్యూఆర్ కోడ్ పెట్టారు, రోజూ జమలు వస్తున్నాయి, కానీ బోర్డు లేదు, నమోదు లేదు. వీళ్లు తమ సొంత పేరున ఇంకో ఖాతా తీసుకుని కోడ్‌ను దానికే కట్టుకోవాలి. ఏ రకం ఖాతా ఇస్తారో శాఖలో పని స్వభావం దాచకుండా చెప్పి అడగండి. నిల్వ షరతు లేని, తక్కువ నిల్వతో నడిచే చిన్న వ్యాపారుల ఖాతాలు చాలా బ్యాంకులు ఇస్తున్నాయి.

మూడో మెట్టు: దుకాణం పేరు ఉంది, హోల్‌సేల్ చెల్లింపులు, చెక్కులు ఉన్నాయి, జీఎస్టీ ఉంది లేదా దగ్గర్లో ఉంది. వీళ్లకు దుకాణం పేరున కరెంట్ ఖాతా.

కరెంట్ ఖాతా మీద బ్యాంకు వడ్డీ ఇవ్వదు. ఇతరులకు ఇది లోటు. వడ్డీ సొమ్ము ఖాతాలో పడితే దాన్ని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించే మనవాళ్లకు ఇది ఒక నిశ్చింత. కానీ కనీస నిల్వ షరతు, దానికి తగ్గితే రుసుము, నగదు జమకు పరిమితి బ్యాంకును బట్టి మారతాయి. మూడు బ్యాంకుల్లో అడిగి కాగితం మీద రాసుకుని నిర్ణయించండి.

పత్రాలు: మీ ఆధార్, పాన్‌తో పాటు వ్యాపారం ఉందని చూపే ఏవైనా రెండు రుజువులు బ్యాంకు అడుగుతుంది. ఉద్యమ్ నమోదు పత్రం, కార్మిక శాఖ ఇచ్చే దుకాణాల నమోదు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ పత్రం, ఆహార పదార్థాల వాళ్లకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు, ఆదాయపు పన్ను రిటర్ను, కొట్టు కరెంటు బిల్లు వంటివి. రెండు దొరకని పరిస్థితిలో, కారణం నచ్చితే, ఒక్క రుజువుతో కొట్టు చూసుకుని ఖాతా ఇచ్చే వెసులుబాటు కూడా రిజర్వు బ్యాంకు నిబంధనల్లో ఉంది. "రెండూ లేవు, పో" అంటే ఈ మాట మర్యాదగా గుర్తు చేయండి. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఉద్యమ్ నమోదు ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం. వెయ్యి, రెండు వేలు అడిగే దళారుల దగ్గరికి వెళ్లనక్కర్లేదు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. చేసేది మీరు, సొమ్ము పడేది భర్త ఖాతాలో అయితే, కాగితం మీద ఆ ఆదాయం ఆయనది, అనుభవమూ ఆయనదే. రేపు మీ పేరున సహాయమో, రుణమో అడిగితే చూపడానికి ఏమీ ఉండదు. షరీఅత్‌లో భార్య సంపాదన భార్యదే. మీ పనికి మీ పేరునే ఖాతా ఉండాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక వ్యక్తికి రూ. 5 లక్షల వరకే. ఒకే బ్యాంకులో మీ సొంత ఖాతా, మీ ఏకవ్యక్తి వ్యాపార ఖాతా ఉంటే, ఇద్దరూ ఒకే మనిషి కాబట్టి రెండూ కలిపే లెక్క. అలాగే ఎన్ని ఖాతాలు తెరిచినా పాన్ ఒకటే కాబట్టి పన్ను శాఖకు అన్నీ కనిపిస్తాయి. విడి ఖాతా తెరిచేది ఏదో దాచడానికి కాదు, స్పష్టంగా చూపడానికి.

7. ఖాతా తెరిచాక ఐదు అలవాట్లు

ఒకటి. కొట్టు క్యూఆర్ కోడ్, సేటుకు చెల్లింపు, అద్దె, కుర్రాడి జీతం అన్నీ ఈ ఖాతా నుంచే. ఇంటి గ్యాసు, పిల్లల ఫీజు ఇందులోంచి వద్దు.

రెండు. మీకు మీరే ఒక మొత్తం నిర్ణయించుకోండి. నెలకో, వారానికో ఒక రోజు దాన్ని ఇంటి ఖాతాకు పంపండి. ఇది వ్యాపార ఖర్చు కాదు, మీరు తీసుకున్న సొంత వాడకం. అలాగే రాసుకోండి.

మూడు. ఇంటి సొమ్ము కొట్టులో పెట్టవలసి వస్తే "సొంత పెట్టుబడి" అని రాయండి. అది అమ్మకం కాదు. మీ రెండు ఖాతాల మధ్య కదిలిన సొమ్ము ఆదాయమూ కాదు, ఖర్చూ కాదు.

నాలుగు. సాయంత్రం గల్లా మూసేముందు ఆ రోజు నగదు అమ్మకం, డిజిటల్ అమ్మకం, ఇచ్చిన ఉద్దెర మూడు అంకెలు రాయండి. నగదును వీలైనంత తరచుగా ఖాతాలో వేయండి.

ఐదు. నెలాఖరున స్టేట్‌మెంటు, నోట్‌బుక్కు పక్కపక్కన పెట్టి సరిచూడండి. ఇంట్లో లెక్కలు వచ్చిన బిడ్డ ఉంటే ఆ బిడ్డతో చేయించండి. తొమ్మిదో తరగతి గణితం దీనికి చాలు. వ్యాపారం ఎలా నడుస్తుందో వారసులకు తెలిసేదీ అప్పుడే.

ఈ నెల ఇంటిపని

పాఠం చివర ఇంటిపని ఇవ్వకపోతే ఉపాధ్యాయుడికి తృప్తి ఉండదు. మీ ఖాతా గత నెల స్టేట్‌మెంటు తీసుకోండి. ప్రతి జమ పక్కన "క" అంటే కొట్టు, "ఇ" అంటే ఇల్లు, "అ" అంటే అమానత్ అని రాయండి. ఏదో గుర్తురానివాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. తర్వాత ప్రశ్న గుర్తులు లెక్కపెట్టండి. ఒకే నెలలో పది దాటితే, మీకు విడి ఖాతా అవసరమా అని ఇక ఎవరినీ అడగనక్కర్లేదు.

ఫారాలు నింపడం తెలియనివాళ్లు, ఉద్యమ్ నమోదు చేసుకోవలసినవాళ్లు సంకోచించకుండా చదువుకున్న పిల్లల సాయం అడగండి. అల్లాహ్ మన సంపాదనలో బరకత్ ప్రసాదించుగాక, మన దగ్గర దాచిన ప్రతి అమానత్‌నూ దాని హక్కుదారుకు చేర్చే శక్తి ఇచ్చుగాక. ఆమీన్.